తరంగాలు ప్రజలవి, ధర ఎవరిది?

ఇంటి టీవీ బిల్లు గృహిణి లెక్కల పుస్తకానికి సంబంధించిన విషయమే తప్ప రాజకీయ చర్చకు తగినది కాదన్న అభిప్రాయం మన దేశంలో బలంగా ఉంది. కలకత్తా నగర చరిత్ర ఈ అభిప్రాయాన్ని సమర్థించదు. భారతీయుడు తెర మీద ఏది చూడాలి, అందుకు ఎవరికి ఎంత చెల్లించాలి అన్న ప్రశ్నపై సుప్రీంకోర్టు తొలి పెద్ద తీర్పు ఆ నగరంలో జరిగిన ఒక క్రికెట్ పోటీ నుంచి పుట్టింది. ఆ తరువాత కేంద్రం తెచ్చిన ప్రతి సంస్కరణకూ ఆ నగరమే ప్రయోగశాల అయింది. ప్రయోగం జరిగిన ప్రతిసారీ ప్రేక్షకుడికి ఇచ్చిన వాగ్దానం ఒకటే: చూసినదానికే చెల్లించవచ్చు, ఖర్చు తగ్గుతుంది.

కలకత్తాలో దూరదర్శన్ కేంద్రం 1975 ఆగస్టు 9న, అత్యవసర పరిస్థితి విధించిన ఆరు వారాల తరువాత ప్రారంభమైంది. ఆనాడు టీవీ ఉన్న ఇల్లు ఏటా పోస్టాఫీసులో యాభై రూపాయలు కట్టి లైసెన్సు పుస్తకంలో ముద్ర వేయించుకోవలసి ఉండేది. 1980ల మధ్యనాటికి ప్రభుత్వం ఆ లైసెన్సును రద్దు చేసింది. ప్రేక్షకుడు టీవీకి ఏమీ చెల్లించని కాలం అదొక్కటే. అయితే ఆ ఉచితానికి వేరే మూల్యం ఉండేది. చూడటానికి ఉన్నది ప్రభుత్వ చానలే, వినడానికి ఉన్నది ప్రభుత్వ స్వరమే.

ఆ గుత్తాధిపత్యానికి చట్టపరమైన ఆధారం 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం. 1850ల ఆరంభంలో కలకత్తా నుంచి డైమండ్ హార్బర్ వరకు వేసిన తీగతో ఈ దేశంలో టెలిగ్రాఫ్ మొదలైంది. ఆ తీగలను అదుపులో ఉంచుకోవడానికి వలస ప్రభుత్వం చేసుకున్న చట్టమే నూరేళ్ల తరువాత కూడా స్వతంత్ర భారతంలో టీవీని పాలించింది. 1991లో గల్ఫ్ యుద్ధ దృశ్యాలు, ఆ ఏడాదే స్టార్ టీవీ, 1992 అక్టోబరులో జీ టీవీ ఉపగ్రహాల మీదుగా దిగివచ్చేసరికి ఆ చట్టం చేష్టలుడిగి చూస్తూ ఉండిపోయింది. డాబా మీద డిష్ పెట్టి, వీధి వెంట తీగలు లాగి, నెల చందా వసూలు చేసే కేబుల్ ఆపరేటర్ పుట్టుకొచ్చాడు. కలకత్తాలో అతడు సాధారణంగా ఆ ‘పాడా’ కుర్రవాడే. చందా ఎంతన్నది చట్టం నిర్ణయించలేదు, బేరమే నిర్ణయించింది.

ఈ నేపథ్యంలో 1993 నవంబరులో బెంగాల్ క్రికెట్ సంఘం తన వజ్రోత్సవాల సందర్భంగా హీరో కప్ నిర్వహించింది. ప్రసార హక్కులను ట్రాన్స్ వరల్డ్ ఇంటర్నేషనల్ అనే విదేశీ సంస్థకు ఇచ్చింది. ప్రసారం తన సొత్తని దూరదర్శన్ పట్టుబట్టింది. వివాదం కలకత్తా హైకోర్టు మీదుగా సుప్రీంకోర్టుకు చేరింది. మ్యాచులు జరుగుతుండగానే మధ్యంతర ఉత్తర్వులు వెలువడ్డాయి. నవంబరు 24న ఈడెన్ గార్డెన్స్‌లో దక్షిణాఫ్రికాపై సచిన్ టెండూల్కర్ వేసిన చివరి ఓవర్‌ను, 27న వెస్టిండీస్‌పై ఫైనల్లో పన్నెండు పరుగులకు ఆరు వికెట్లు తీసిన అనిల్ కుంబ్లేను దేశం ఈనాటికీ గుర్తుంచుకుంది. ఆ దృశ్యాల వెనుక సాగిన న్యాయపోరాటం మాత్రం మరపున పడింది.

1995 ఫిబ్రవరి 9న జస్టిస్ పి.బి.సావంత్, జస్టిస్ ఎస్.మోహన్, జస్టిస్ బి.పి.జీవన్‌రెడ్డిల ధర్మాసనం తీర్పు చెప్పింది. ఆకాశ తరంగాలు ప్రజల ఆస్తి అని, వాటిపై ప్రభుత్వ గుత్తాధిపత్యం చెల్లదని, ఒక స్వతంత్ర ప్రజాసంస్థ వాటిని నియంత్రించాలని ఆ తీర్పు సారాంశం. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి ఎదిగివచ్చిన జీవన్‌రెడ్డి విడిగా రాసిన తీర్పులో మరో హెచ్చరిక కూడా ఉంది. ప్రభుత్వ గుత్తాధిపత్యం ఎంత ప్రమాదకరమో ప్రైవేటు గుత్తాధిపత్యం అంతకు తక్కువ ప్రమాదకరమేమీ కాదని, వాక్ స్వాతంత్ర్యపు హక్కులో ప్రైవేటు ప్రసార కేంద్రం నెలకొల్పే హక్కు దానంతట అదే ఇమిడి లేదని ఆయన స్పష్టం చేశారు. ఆర్థిక సంస్కరణల నడిమధ్యన, పి.వి.నరసింహారావు ప్రభుత్వం ఢిల్లీలో ఉన్న రోజుల్లో, తెలుగు న్యాయమూర్తి ఒకరు ఈ మాట రాయడం గమనించదగ్గ విషయం. తీర్పులోని మొదటి సగాన్ని దేశం ఉత్సాహంగా అమలు చేసింది. రెండవ సగం గ్రంథస్థమై మిగిలిపోయింది.

1995లోనే కేబుల్ టెలివిజన్ నెట్‌వర్కుల నియంత్రణ చట్టం వచ్చింది. అది ఆపరేటర్లను నమోదు చేయించింది కాని ధర జోలికి పోలేదు. ఈలోగా చానళ్లు ఒక్కొక్కటిగా ఉచితం నుంచి చందా బాట పట్టాయి. ఎన్ని ఇళ్లకు తీగ ఇచ్చినదీ ఆపరేటర్ తక్కువ చేసి చూపుతున్నాడని చానళ్లు ఆరోపించేవి; చానళ్లు ధర పెంచుతున్నందువల్లనే చందా పెంచుతున్నామని ఆపరేటర్లు చెప్పేవారు. ఇద్దరి మధ్యా ఇల్లు నలిగింది. ఒక్క క్రికెట్ చానల్ కోసమో ఒక్క సీరియల్ కోసమో చూడని యాభై చానళ్లకూ డబ్బు కట్టవలసి వచ్చింది.

దీనికి విరుగుడుగా వాజపేయి ప్రభుత్వం 2002లో చట్టాన్ని సవరించి ‘కాస్’ అనే షరతులతో కూడిన ప్రసార విధానాన్ని తెచ్చింది. ఇంటికో సెట్‌టాప్ పెట్టె, కోరుకున్న చానల్‌కే చందా, ఇదీ విధానం. నాలుగు మహానగరాల్లో 2003లో మొదలుకావలసిన ఈ పద్ధతి చెన్నైలో మాత్రమే నిలదొక్కుకుంది. పెట్టె కొనవలసిన ఓటరు ముందు నిలబడడానికి మిగతా చోట్ల ఏ పార్టీకీ ధైర్యం చాలలేదు. చివరకు ఢిల్లీ హైకోర్టు జోక్యంతో 2006 డిసెంబరు 31 నుంచి ఢిల్లీ, ముంబయి, కోల్‌కతాల్లో ఎంపిక చేసిన ప్రాంతాల్లో అది అమలయింది.

ఆనాటి ధరలు నేటి పాఠకుడికి ఆశ్చర్యం కలిగిస్తాయి. నియంత్రణ సంస్థ ట్రాయ్ కనీసం ముప్పై ఉచిత చానళ్ల కట్టకు నెలకు గరిష్ఠంగా 77 రూపాయలు, చందా చానల్ ఏదైనా ఒక్కొక్కదానికి గరిష్ఠంగా 5 రూపాయలు నిర్ణయించింది. 999 రూపాయల డిపాజిట్ కడితే పెట్టె అద్దె నెలకు 30 రూపాయలు. అంటే కాస్ అమలైన వీధిలో ఐదు చందా చానళ్లు ఎంచుకున్న కుటుంబానికి పన్నులు కాక 132 రూపాయలు అయ్యేది. ప్రేక్షకుడికి నిజంగా మిగులు కనిపించిన సంస్కరణ ఇదే. చేతిలో ఎంపిక ఉండటం, నెత్తిన గరిష్ఠ ధర ఉండటం, రెండూ కలిసి రావడం దానికి కారణం. కాని అది కొన్ని వీధులకే పరిమితమై, అక్కడే ఆగిపోయింది.

2011లో యూపీఏ ప్రభుత్వం దేశమంతటా డిజిటల్ పెట్టెను తప్పనిసరి చేస్తూ మరోసారి చట్టాన్ని సవరించింది. మహానగరాలకు తుది గడువు 2012 అక్టోబరు 31. అంతకు నెల రోజుల ముందే తృణమూల్ కాంగ్రెస్ యూపీఏ నుంచి వైదొలగింది. పేదల ఇళ్లలో టీవీలు ఆరిపోతాయంటూ ముఖ్యమంత్రి మమతా బెనర్జీ గడువును బాహాటంగా వ్యతిరేకించారు. కోల్‌కతాలో పాత అనలాగ్ ప్రసారాలు గడువు దాటాక కూడా కొంతకాలం సాగాయి. కేంద్రం దీన్ని ధిక్కారమంది, రాష్ట్రం దీన్ని ప్రజల పక్షమంది. నిజానికి ఆ వివాదమంతా పెట్టె ఎప్పుడు పెట్టాలన్న దానిపైనే సాగింది. పెట్టె వచ్చాక నెల బిల్లు ఎంత ఉండాలన్న ప్రశ్నను ఇటువారూ అటువారూ గట్టిగా లేవనెత్తలేదు.

ఆ ప్రశ్నకు సమాధానంగా ట్రాయ్ 2017 మార్చిలో కొత్త ధరల ఉత్తర్వు ఇచ్చింది. మద్రాసు హైకోర్టులోను, సుప్రీంకోర్టులోను వ్యాజ్యాలు ముగిసి అది 2019 ఫిబ్రవరి 1న అమలుకు వచ్చేసరికి, కోల్‌కతాలో స్థానిక కేబుల్ ఆపరేటర్లు హైకోర్టు మెట్లెక్కారు. వారి భయం నిరాధారమైనది కాదు. వేరే ఒప్పందం లేనిచోట నెట్‌వర్క్ రుసుములో 45 శాతమే వారికి దక్కుతుంది. ఇంటింటికీ తిరిగి వసూలు చేసేదీ, తీగ తెగితే వర్షంలో నిచ్చెన ఎక్కేదీ వారే.

ప్రేక్షకుడి లెక్క ఇలా తేలింది. మొదటి వంద చానళ్లకు 130 రూపాయల నెట్‌వర్క్ రుసుము, దానిపై 18 శాతం జీఎస్టీ, వెరసి 153 రూపాయల 40 పైసలు. కట్టలో చేర్చదలచిన చందా చానల్ గరిష్ఠ ధర 19 రూపాయలు. అటువంటి ఐదు చానళ్లు విడిగా తీసుకుంటే 95 రూపాయలు. పన్నుతో కలిపి బిల్లు 265 రూపాయల 50 పైసలు. పన్నెండేళ్ల క్రితం ఐదు చానళ్ల ధర 25 రూపాయలు. మరోవైపు కట్టలపై రాయితీ పదిహేను శాతం మించరాదన్న నిబంధనను మద్రాసు హైకోర్టు కొట్టివేసింది. దానితో ప్రసార సంస్థలు విడి ధరను గరిష్ఠానికి చేర్చి, కట్టపై 70 శాతం దాకా రాయితీ ఇచ్చాయని ఆ ఏడాదే ట్రాయ్ గుర్తించింది. ఒక్క చానల్ కోరుకున్నవాడికి కట్టే చౌక అనిపించింది. ఎంపిక కాగితం మీద మిగిలింది. 2024 జూలైలో నెట్‌వర్క్ రుసుముపై ఉన్న పరిమితి సైతం తొలగిపోయింది.

ఈ విసుగు నుంచే ప్రేక్షకుడు ఓటీటీ వైపు మళ్లాడు. కోల్‌కతా చిత్రనిర్మాణ సంస్థ ఎస్‌వీఎఫ్ 2017 సెప్టెంబరులో బెంగాలీ ప్రేక్షకుల కోసం ‘హోయ్‌చోయ్’ తెచ్చింది. 2020 ఉగాదికి తెలుగులో ‘ఆహా’ వచ్చింది. ప్రాంతీయ భాషకు స్వంత వేదిక దొరకడం మంచిదే. కాని కేబుల్ కాలపు కథే ఇక్కడ పునరావృతమైంది. మొదట ఉచితం, తరువాత చందా, ఆపైన కట్ట. 2023, 2024 ఐపీఎల్ పోటీలను జియో సినిమా ఉచితంగా చూపింది. 2024 నవంబరులో స్టార్, వయాకామ్18 విలీనం పూర్తయింది. 2025 ఫిబ్రవరిలో జియో హాట్‌స్టార్ అవతరించింది. ఆ ఏటి ఐపీఎల్‌కు చందా వచ్చింది. క్రికెట్ ప్రసారంపై ఒకే సంస్థ పట్టు ఉండరాదన్న 1995 నాటి వాదన ఈడెన్‌లోనే పుట్టిందని గుర్తుంచుకున్నవారు తక్కువ.

కేబుల్ బిల్లుకు మంచో చెడో ట్రాయ్ ఉంది. ఓటీటీ ధరకు అటువంటి పెద్ద దిక్కు లేదు. 2021 ఐటీ నిబంధనలు దృశ్యాన్నీ సంభాషణనూ పట్టించుకున్నాయి, ధరను పట్టించుకోలేదు. 2023 నవంబరులో వచ్చిన ప్రసార సేవల బిల్లు ముసాయిదాపై చర్చ కూడా ఎక్కువగా ఎవరి నోరు మూస్తారన్నదాని చుట్టూనే తిరిగింది. ఆ ఆందోళన న్యాయమైనదే. అయితే ఎవరి జేబు ఖాళీ అవుతుందన్నది కూడా చర్చలో ఉండవలసింది.

ప్రభుత్వమే చౌకగా అందించాలన్న ప్రయత్నాలు జరగకపోలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2017 డిసెంబరులో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఫైబర్‌నెట్ 149 రూపాయలకే ఇంటర్నెట్, టీవీ, ఫోను ఇస్తామంది. ప్రభుత్వం మారగానే అది పార్టీల వివాదంలో చిక్కుకుంది. పాలకులను బట్టి ఊగే చౌకదనం మీద ఏ ఇల్లూ శాశ్వతంగా ఆధారపడలేదు.

అందువల్ల నేడు ఇంటి ముందున్న రక్షణలు కొద్దిపాటివి, అయినా వాస్తవమైనవి. దూరదర్శన్ ఫ్రీ డిష్‌కు ఒకసారి పెట్టె కొంటే నెల చందా లేదు. దేశ ప్రాధాన్యం గల క్రీడల సంకేతాలను ప్రసార భారతికి పంచాలని 2007 చట్టం నిర్దేశిస్తుంది. అయితే ఆ సంకేతాలు కేబుల్ ద్వారా కాక, దూరదర్శన్ భూతల ప్రసారంలోను, దాని డీటీహెచ్‌లోను మాత్రమే రావాలని 2017లో సుప్రీంకోర్టు తేల్చింది. కనుక భారత జట్టు ఆడే ముఖ్యమైన మ్యాచులకు ఆ పెట్టె పనికి వస్తుంది. 2021 అక్టోబరు నుంచి అమలవుతున్న రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం, కార్డు నుంచి దానంతట అదే డబ్బు కోసే చందాకు ఇరవై నాలుగు గంటల ముందు సమాచారం రావాలి, వద్దనే వీలుండాలి. సులువుగా చేర్చుకుని వదిలించుకోనివ్వని చందా ఉచ్చును 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ తప్పుడు పద్ధతుల జాబితాలో చేర్చింది. ఈ రెండింటినీ వాడుకుని నెలకొక వేదికను తీసుకుంటూ, చూడటం కాగానే వదిలేస్తూ పోయే ఇల్లు, ఏడాదంతా నాలుగింటికీ కట్టే ఇంటికంటే చాలా తక్కువకు బయటపడుతుంది.

అయితే అది ఒక్కో ఇల్లు విడివిడిగా చేసుకునే ఆత్మరక్షణ. కట్ట ధర, విడి ధర పక్కపక్కన చూపాలని, ఏడాది మధ్యలో వదిలేసినవారికి మిగిలిన నెలల సొమ్ము తిరిగి ఇవ్వాలని ఒక్క వాక్యంలో రాయగల నిబంధనలు ఇంతవరకు ఏ ముసాయిదాలోనూ ప్రధానాంశం కాలేదు. 1995 తీర్పు ప్రభుత్వం చేతి నుంచి తరంగాలను విడిపించి ప్రజల పేర రాసింది. జీవన్‌రెడ్డి హెచ్చరించిన రెండవ గుత్తాధిపత్యం విషయంలో పార్లమెంటు చేయవలసిన పని ముప్పై ఏళ్లుగా మిగిలే ఉంది.