రాత్రి వినోదములు, వెలుగు చాలని ఛాయాచిత్రములు

హైదరాబాదు నగరపు పాత ఛాయాచిత్రములను ముందిడుకొని చూచువారికి ఒక వింత తోచక మానదు. ఆ నగరములో రాత్రియే లేనట్లు కనబడును. చార్మినారు కలదు, ఫలక్‌నుమా కలదు, అంబారీలు, వేట విడుదులు, సేనల కవాతులు కలవు. అన్నియు ఎండలోనే. దీపాలంకారములకు, ఊరేగింపులకు, విందులకు అంత పేరు మోసిన పట్టణములో రాత్రి ముఖము చూపు చిత్రము దొరకుట మిక్కిలి అరుదు. ఛాయాగ్రాహకులకు ఆసక్తి లేకపోవుట దీనికి కారణము కాదు. వారి కటకములకును, పలకలకును ఆ శక్తి లేదు. ఆ శక్తి మానవునకు ఎట్లు చేకూరెనో, నేడు నుమాయిషునకో రామోజీ ఫిల్మ్ సిటీకో కెమెరా తీసికొని పోవువాడు దాని నెట్లు ఎన్నుకొనవలెనో, ఈ రెండు సంగతులను కలిపి చెప్పదలచితిని.

ఈ కథలో మన ప్రాంతమునకు మొదటి పేరు రాజా దీనదయాళుది. ఆయన 1844లో మీరట్ సమీపమున సర్ధనాలో జన్మించెను. రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇందూరులో ఉద్యోగము చేయుచు ఛాయాచిత్రకళను అభ్యసించెను. 1885 ప్రాంతమున ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను కొలువులో ప్రవేశించెను. 1892లో పరదాలోని స్త్రీల కొఱకు నగరములో ప్రత్యేకముగా ఒక స్టూడియో తెఱచెను. 1894లో నిజాము ఆయనకు రాజా బిరుదము నొసంగెను. 1905లో ఆయన గతించెను. ఆయన చిత్రములలో నేను చూచినవానియందెల్ల సూర్యుడే దీపము. గదిలో తీసినవియు పెద్ద కిటికీ వెలుగునో, గాజుకప్పు వెలుగునో ఆశ్రయించినవే.

ఎందుకట్లు? ఒక చిన్న లెక్క వేసి చూతము. నేటి నుమాయిషులో దుకాణముల వరుస ముందు ఉండు వెలుతురు ఎండలో కొన్ని వందలవ వంతు మాత్రమే. కన్ను దానికి ఇట్టే అలవాటు పడును గనుక మనకు ఆ లోటు తెలియదు. పందొమ్మిదవ శతాబ్ది చివరి గాజుపలక నేటి పలకలతో పోల్చిన ఎంతో మందమైనది. ఆ పలకను, ఆ కాలపు సామాన్యమైన ఎఫ్/8 కటకమును నేటి విద్యుద్దీపముల క్రింద నిలిపినను, ఇరువది ముప్పది సెకనులు తెఱచి యుంచవలసి వచ్చును. అంతసేపు కదలక నిలుచు తిరునాళ్ల జనము భూలోకములో లేదు. నూనెదీపముల నాటి సంగతి చెప్పనేల! కట్టడములు నిలుచును, మనుష్యులు పొగవలె కరగిపోవుదురు.

ఇక్కడ ఎఫ్ అను గుర్తును గూర్చి రెండు మాటలు. కటకపు నాభ్యంతరమును దాని రంధ్రపు వ్యాసముచే భాగించిన వచ్చు సంఖ్యయే అది. 50 మిల్లీమీటర్ల కటకములో 25 మిల్లీమీటర్ల రంధ్రమున్నచో ఎఫ్/2. సంఖ్య తగ్గిన కొలది వెలుగు పెరుగును. అదియు వర్గప్రమాణమున పెరుగును. ఎఫ్/4 కంటె ఎఫ్/2 రెండింతలు కాదు, నాలుగింతలు వెలుగు నిచ్చును. దుకాణములో లెన్సు కొనువాడు ఈ వర్గము సంగతి మఱచినచో ధర ఎందులకు అంతగా పెరిగినదో ఎన్నటికిని బోధపడదు.

1839లో డాగేరు తన కళను లోకమునకు వెల్లడించినప్పుడు వాడిన కటకము సుమారు ఎఫ్/15. మఱుసటి సంవత్సరమే, 1840లో, వియన్నాలో పెట్జ్వాల్ అను గణితాచార్యుడు ఎఫ్/3.6 కటకమును లెక్కలతో నిర్మించెను. గాజును అరుగదీసి చూచుచు, సరిపడకున్న మరల అరుగదీయుట అంతవరకు ఆచారము. ఆయన కాగితము మీదనే కిరణముల దారి నంతయు గణించెను. ఆ గణనలో ఫిరంగిదళపు లెక్కగాండ్రు ఆయనకు తోడుపడిరి. గుండు ఎక్కడ పడునో లెక్కించు చేతులు కిరణ మెక్కడ పడునో లెక్కించుట నాకు ఈ చరిత్రలో నచ్చిన ఘట్టము. వెలుగు ఒక్కపెట్టున పదునేడింతలు పెరిగినది. అయినను అది కూర్చున్న మనిషి ముఖమునకు చాలినదే గాని, తిరుగు రంగులరాట్నమునకు చాలలేదు. చిత్రము నడుమ స్పష్టముగా నుండి అంచులు సుడి తిరుగును.

1887లో జర్మనీలో మెగ్నీషియము పొడి వెలుగు పుట్టినది. భగ్గున మండి, గది నిండ పొగ నింపి, ముఖములను సున్నము పూసినట్లు చేయునది. రాత్రిని చిత్రించుట కాదిది, రాత్రిని చంపుట. నేటి ఫ్లాషు దీపము పొగ లేని దేగాని, ఈ దోషములో దానికి తోబుట్టువే. నుమాయిషులో ఫ్లాషు వెలిగించి తీసిన చిత్రములో వెనుకనున్న వేయి దీపములు నల్లబడి, ముందున్న బంధువులు దొంగలవలె పట్టుబడుదురు.

హైదరాబాదులో అతి మందమైన వెలుగును పట్టిన మొదటి కటకము భూమిని గాక ఆకాశమును చూచినది. నవాబు జఫర్ జంగు 1901లో స్థాపించిన నిజామియా వేధశాలలో ఎనిమిది అంగుళముల ఆస్ట్రోగ్రాఫ్ అను ఛాయాదూరదర్శిని యుండెను. ప్రపంచములోని అనేక వేధశాలలు కలిసి నక్షత్రముల పట్టిక తయారు చేయుటకు పూనుకొన్నప్పుడు, దక్షిణాకాశములో 17వ అంశము మొదలు 23వ అంశము వఱకు గల భాగము హైదరాబాదు వంతునకు వచ్చినది. పలక మీద పలక ఎత్తి ఆ పని నెరవేర్చిరి. చుక్క ఆకాశముతోపాటు క్రమముగా నడచును. గడియారపు యంత్రముతో దూరదర్శినిని దాని వెంట నడిపించిన చాలును. మనుష్యుని వెంట నడిపించు యంత్రము లేదు. అందుచే వినోదశాలల ఛాయాగ్రాహకునకు నక్షత్రముల ఛాయాగ్రాహకుని ఓపిక పనికిరాదు. వానికి కావలసినది వేగము.

ఆ వేగము 1924లో వచ్చినది. డ్రెస్డెన్ నగరపు ఎర్నెమాన్ కర్మాగారములో లుడ్విగ్ బెర్టెలె అను యువకుడు ఎర్నోస్టార్ అను ఎఫ్/2 కటకమును రూపొందించెను. త్వరలోనే అది ఎఫ్/1.8 అయ్యెను. దానిని తగిలించిన ఎర్మానాక్స్ కెమెరాతో ఎరిక్ సాలొమన్ అను జర్మను న్యాయవాది న్యాయస్థానములలోను, రాత్రి విందులలోను, రాజ్యముల సమావేశములలోను, దీపపు వెలుగులోనే, ఎదుటివారికి తెలియకుండ చిత్రములు తీసెను. 1928లో ఒక విచారణను టోపీలో దాచిన కెమెరాతో తీసినాడు. యూదుడగుట చేత 1944లో ఆష్విట్జ్ మరణశిబిరములో ఆయనను చంపిరి. మనుష్యులు తమను చూచుకొనువేళ గాక, తమను మఱచియున్న వేళ ఎట్లుందురో చూపిన మొదటివారిలో ఆయన ఒకడు.

బెర్టెలె 1932లో సోనార్ అను ఎఫ్/1.5 కటకమును తెచ్చెను. అంతకుమునుపే, 1896లో, జైస్ సంస్థలోని రుడాల్ఫ్ ప్లానార్ అను మేలైన నిర్మాణము చేసియుండెను. కాని దానిలో గాలి తగులు గాజుముఖములు ఎనిమిది. ఒక్కొక్క ముఖము నూటికి నాలుగైదు పాళ్ల వెలుగును వెనుకకు కొట్టును. ఎనిమిదింట మూడవ వంతు పోవుటయే కాదు, పోయిన వెలుగు లోపలనే తిరుగులాడి చిత్రము నంతటిని తెల్లని పొగతో కప్పును. సోనార్‌లో ముఖములు ఆరే. 1935లో స్మకులా అను జైస్ శాస్త్రజ్ఞుడు గాజు మీద పలుచని పూత పూసి ఈ చిక్కును విడదీసెను. అటుపిమ్మట ప్లానార్ వంశము మరల లేచినది. నేడు సామాన్యులు కొను 50 మిల్లీమీటర్ల ఎఫ్/1.8 కటకములలో పెక్కు ఆ వంశపువే.

పూత పుట్టిన మూడేండ్లకు, 1938లో, హైదరాబాదు పబ్లిక్ గార్డెన్సులో నుమాయిషు పుట్టినది. ఉస్మానియా పట్టభద్రులు పూనుకొనగా ఏడవ నిజాము ఉస్మాన్ అలీఖాను ప్రారంభించెను. 1946లో అది నాంపల్లి మైదానమునకు మారెను. నాటి ప్రేక్షకులలో సోనార్ కొనగలవా రెందఱు? చేతి వ్రేళ్లకు మించరు. ఏడాదికొకసారి పిల్లలను తీసికొని వచ్చి, గాజులు కొని, రాట్నమెక్కి యింటికి పోయిన వేలకొలది కుటుంబముల సంతోషము మాటలలోనే మిగిలినది, బొమ్మకు రాలేదు. ఈ నష్టమును చరిత్రకారులు లెక్కకు తీసికొనరు. నేను తీసికొందును.

చలనచిత్రములవారు ఈ కష్టమును మఱియొక దారిని దాటిరి. కటకము చాలనప్పుడు దీపములు పెంచిరి. 1957 నాటి మాయాబజారులో మార్కస్ బార్ట్లీ చూపిన వెన్నెల చంద్రుడిచ్చినది కాదు. మా తూర్పు ప్రక్కన నాచారములో ఎన్.టి. రామారావు 1976లో స్టూడియో నెలకొల్పినప్పుడును రాత్రి దృశ్యమనగా పెద్ద పెద్ద దీపముల పనియే. ఇంగ్లాండులో మాత్రము కుబ్రిక్ అను దర్శకుడు 1975 నాటి బారీ లిండన్ చిత్రమున, చంద్రయాత్ర నిమిత్తము అమెరికా అంతరిక్షసంస్థకై జైస్ చేసిన ఎఫ్/0.7 కటకమును సంపాదించి, వట్టి క్రొవ్వొత్తుల వెలుగులో తీసెను. నటులు ముందునకు వెనుకకు జానెడు కదలిన మసకయగును. ఎంత పెద్ద రంధ్రమున కంత పలుచని స్పష్టత. ఈ సూత్రమునకు మినహాయింపు లేదు.

ఇక నేటి సంగతి. 1996లో ఆరంభమైన రామోజీ ఫిల్మ్ సిటీ మా ఉప్పలునకు తూర్పుదక్షిణమున, విజయవాడ మార్గమున కలదు. 2016లో రావిర్యాలలో వండర్‌లా తెఱచిరి. ఉప్పలులో మూసీ ప్రక్కనే చిన్న శిల్పారామము కలదు. కాప్రా నుండి నుమాయిషునకు పోవువాడు ఉప్పలులో మెట్రో ఎక్కి అమీరుపేటలో మారిన చాలును. కెమెరాలు చౌకైనవి. అయినను, “సార్, నెల జీతము పోసి పెద్ద జూమ్ లెన్సు కొనమందురా?” అని నన్నడుగు యువకులకు నేను వద్దనియే చెప్పుదును.

కెమెరాతో వచ్చు మామూలు జూమ్ కటకము దూరమునకు సాగదీసినప్పుడు ఎఫ్/5.6 అగును. నుమాయిషు వెలుగులో, ఐ.ఎస్.ఓ. 1600 వద్ద, అది సెకనులో ముప్పదవ వంతు కాలము కోరును. పరుగెత్తు బిడ్డ చెదరిపోవును. అదేచోట ఎఫ్/1.8 కటకము మూడువందలవ వంతుతో తృప్తిపడును, బిడ్డ నిలుచును. కుదుపును ఆపు సాధనము లోపల నున్నదని అంగడివాడు చెప్పవచ్చును. అది నీ చేతి వణకును ఆపునుగాని బిడ్డ కాలిని ఆపదు. ఎఫ్/2.8 పెద్ద జూమ్ మంచిదే. కిలోన్నర బరువుతో ఆ జనములో మూడు గంటలు తిరుగువాని భుజము నడుగవలెను. చిన్న సెన్సరు గల కెమెరాకు 35 మిల్లీమీటర్ల ఎఫ్/1.8, పెద్దదానికి 50, ఇంతకు మించి మొదట అక్కఱలేదు. దూరము తక్కువైనచో రెండడుగులు ముందునకు వేయుము.

అయితే పూర్తిగా తెఱచిన కటకములో అంచుననున్న దీపములు పిట్టరెక్కలవలె సాగును. పెట్జ్వాల్ నాటి అంచుల జబ్బు నేటికిని పూర్తిగా నయము కాలేదు. ఎఫ్/2.2కు మూసిన చాలవఱకు తగ్గును. మఱియొకటి: మన విద్యుత్తుచే వెలుగు చౌకదీపములు సెకనునకు నూరుమారులు మినుకుమినుకుమనును. షట్టరు మిక్కిలి వేగమైనచో చిత్రములో నల్లని చారలు పడును; అట్టి దుకాణముల ముందు నూరవ వంతుననే నిలుచుట క్షేమము. రాట్నముల మీదికి కెమెరా ఎక్కించనీయరు, అది న్యాయమే. రాట్నము దిగు మెట్లవద్ద తప్పక ఒక దీపముండును. అక్కడ నిలిచిన, తల తిరుగుచు, నవ్వుచు, చెప్పు వెదకికొనుచు దిగువారందఱును ఒక్కొక్కరుగా ఆ వెలుగులోనికి వత్తురు.