ఓడలెక్కిన చెదలు

మా తాత తెలుగులో రాసిన లెక్కల పుస్తకం అవ్వ కొయ్యపెట్టెలో ఉండేది. పోయిన వానాకాలం తెరిచి చూస్తే సగం చెదలు తినేశాయి. ఆ కోపంతోనే చెదల చరిత్ర చదివాను.

ఫార్మోసా చెద తూర్పు ఆసియాది. ఆసియా చెద అనే ఇంకో జాతి ఆగ్నేయాసియాది. రెండూ కొయ్యలో దాగి ఓడలెక్కాయి. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక సైనిక సామాన్లతో మొదటిది అమెరికా దక్షిణ రేవులకు చేరింది. రెండోది 1996లో మయామిలో కనబడింది.

వాన పడితే మన దీపాల చుట్టూ మూగే ఉసిళ్లు రెక్కల చెదలే. ఆ రెండు జాతుల ఉసిళ్లు వేర్వేరు నెలల్లో ఎగిరేవి. 2013లో ఒకే వేళ ఎగిరి జతకట్టడం ఫ్లోరిడా శాస్త్రవేత్తలు చూశారు. ల్యాబులో ఆ సంకర గుంపులు ఇంకా వేగంగా పెరిగాయని 2015లో ప్రకటించారు. 2021లో ఫోర్ట్ లాడర్‌డేల్‌లో బయట కూడా సంకర చెదలు దొరికాయి. ఇవి వ్యాపిస్తే ఇళ్లకూ చెట్లకూ ముప్పే.

మన తిరుప్పూరు బనియన్లు కూడా ఓడల్లోనే పోతాయి. అందుకే ఎగుమతి కొయ్యపెట్టెల కొయ్యను 56 డిగ్రీల వేడిలో 30 నిమిషాలు ఉంచే పద్ధతి ఉంది.

మా ఇంట్లో అవ్వ తర్వాత తెలుగు చదివేది నేనే. మిగిలిన పుటలు అవ్వ చదువుతుంటే నోటుబుక్కులో ఎత్తి రాస్తున్నాను.