గాజీ మునిగిన రాత్రి: కుదరని పద్దులు

చిట్టాలో ఒక అంకెయు, ఆవర్జాలో మరియొక అంకెయు కనబడినప్పుడు, నచ్చినదానిని నిలిపి రెండవదానిని కొట్టివేయుట లెక్కలవాని ధర్మము కాదు. ఏ పద్దు ఎవరు, ఎప్పుడు, ఏమి చూచి వ్రాసిరో విచారింపవలయును. మన విశాఖపట్టణము చెంత మునిగిన పాకిస్తాను జలాంతర్గామి గాజీ విషయమున ఈ విచారణ నేటికిని తీరలేదు.

1945లో డయాబ్లో అను పేర అమెరికా నౌకాదళమున చేరిన ఈ ఓడ 1964లో పాకిస్తానుకు సంక్రమించినది. 1971 నవంబరు 14న కరాచీ విడిచి బంగాళాఖాతమునకు వచ్చినది. మన విమానవాహక నౌక విక్రాంతును వేటాడుట, విశాఖ రేవు ముంగిట మైనులు పరచుట దాని పని. విక్రాంతు అప్పటికే అండమాను దీవులకు తరలిపోయెను.

ఇక పద్దులు మూడు. మన నౌకాదళమువారిది మొదటిది: డిసెంబరు 3 అర్ధరాత్రి వేళ రేవు వెడలిన రాజ్‌పుత్ నౌక నీటిలో అలజడి కని డెప్త్‌చార్జీలు విడిచెను, కొన్ని నిమిషములకు మహా విస్ఫోటనమై పట్టణము దద్దరిల్లెను. పాకిస్తానువారిది రెండవది: శత్రువు చేత గాక ప్రమాదవశమున ప్రేలి మునిగెను. జనరల్ జేకబ్ 1997 నాటి గ్రంథములోనిది మూడవది: 1వ తేదీననో 2వ తేదీననో మైనులు పరచుచు ప్రేలిపోయెను; శిథిలములు జాలరులకు దొరకినవని వైస్ అడ్మిరల్ కృష్ణన్ 3వ తేదీననే ఫోనున తెలిపిరి.

ఇందు ప్రశ్నలు రెండు: ఎప్పుడు? ఎట్లు? వీనిని కలిపినందుననే చిక్కు వచ్చినది. జేకబుగారి తేదీయే నిజమైన, రాజ్‌పుత్‌నకు ఆ కీర్తి లేదు. అయితే వారు వ్రాసినది పాతికేండ్ల తరువాత, ఒక సంభాషణ జ్ఞాపకముతో. ఓడనుండి తీసిన గడియారము ఆ విస్ఫోటన సమయముననే ఆగియుండెనని నౌకాదళమువారి కథనము. ఆ మ్రోత పట్టణ ప్రజలును వినిరి. కావున తేదీ విషయమున నేను 3-4 తేదీల నడిరేయివైపే మ్రొగ్గుదును.

కాని వేళ కుదిరినంత మాత్రమున కారణము కుదరదు. ఆ మ్రోత డెప్త్‌చార్జీ ఫలమా, తన మైను దెబ్బయా, లోపలి ఆయుధముల ప్రేలుడా అని గడియారము చెప్పజాలదు. సంబంధించిన కాగితములు 1980లోనే నాశనము చేయబడెనని 2010లో వార్తలు వెలువడెను. మూలపత్రము లేని పద్దును నిలువలోనికి తేకుండ, విచారణలో ఉంచుటయే న్యాయము.

మృతులు 93 మంది యని పాకిస్తాను లెక్క. 92 అని వ్రాసినవారును కలరు. ఆ తేడా ఒక్క ప్రాణము. దానిని చిల్లర తేడాగా మాఫీ చేయరాదు. ఒక్కడును బ్రతుకలేదన్న పద్దు మాత్రము అందరి పుస్తకములందును ఒక్కటే.

ఒక సంగతికి ఒక పుస్తకము చాలదు. మన గ్రంథాలయపు బీరువాలో పరస్పరము విభేదించు పుస్తకములు ప్రక్కప్రక్కనే నిలిచియుండుట అందులకే.