కుంచానికీ కాటాకీ మధ్య ఒక అంకె

మా గుంటూరు, ప్రకాశం పల్లెల్లో పాతకాలం వ్యవహారం చూస్తే రెండు రకాల సరుకులు కనిపిస్తాయి. కొలిచేవి, తూచేవి. వడ్లు, జొన్నలు, పప్పులు కొలిచేవాళ్ళు. గిద్ద, సోల, తవ్వ, మానిక, కుంచం, తూము, పుట్టి, ఇదీ ఆ వరస. పత్తి, మిరపకాయలు, బెల్లం తూచేవాళ్ళు. పలం, వీశె, మణుగు, బారువ, ఇదింకో వరస.

ఎందుకలా అని ఎప్పుడైనా ఆలోచించారా? నాకు తోచిన కారణం ఇదీ. కుంచంలో వడ్లు ఎవరు పోసినా బరువులో పెద్ద తేడా రాదు. అదే కుంచంలో ఎండుమిరపకాయలు పోసి చూడండి. వదులుగా పోస్తే సగం గాలే, అదిమితే కాయ విరిగి గింజలు రాలతాయి. పత్తి సంగతి సరేసరి, తొక్కేకొద్దీ పడుతూనే ఉంటుంది. అంటే ఘనపరిమాణానికీ బరువుకీ మధ్య ఉండే అంకె, అదేనండీ సాంద్రత, వడ్లకి కాస్త నిలకడగా ఉంటుంది, పత్తికి ఉండదు. ఆ పేరు తెలియకపోయినా మన పెద్దలకి విషయం తెలుసు.

అలాగని వడ్ల కొలత అంతా ధర్మంగా జరిగిందనుకోకండి. కుంచం పైన రాశి కట్టి పోయొచ్చు, కర్రతో తలగొట్టీ పోయొచ్చు. తీసుకునేటప్పుడు రాశి, కూలికి గింజలు పెట్టేటప్పుడు తలగొట్టుడు అయితే ఎవరు నష్టపోతారో చెప్పక్కర్లేదు. కుంచం అదే, లెక్కా అదే, మారింది మాత్రం కొలిచే చెయ్యి.

పోనీ తూకంలోనైనా పేచీ లేదా అంటే అదీ లేదు. మద్రాసు ప్రెసిడెన్సీ లెక్కలో మణుగంటే సుమారు 25 పౌన్లు, 20 మణుగులు ఒక క్యాండీ, అంటే 500 పౌన్లు. బొంబాయి పత్తి వర్తకుల క్యాండీ 784 పౌన్లు, అంటే దాదాపు 356 కిలోలు. పేరు ఒకటే, సరుకులో తేడా సగానికి పైనే. 1956లో తూనికలు కొలతల చట్టం వచ్చింది, 1958 నుంచి మెట్రిక్ తూకాలు దశలవారీగా అమల్లోకొచ్చాయి. వీశెలూ మణుగులూ పోయి కిలోలూ క్వింటాళ్ళూ వచ్చాయి. విచిత్రమేంటంటే దూది ధర ఈరోజుకీ క్యాండీ లెక్కనే చెప్తారు, అదీ బొంబాయి క్యాండీ.

కొలతలు మార్చుకుంటున్న దేశం మనదొక్కటే కాదులెండి. కెనడా కూడా ఆ పనిలో ఉండగా 1983 జులై 23న ఎయిర్ కెనడా 143వ నంబరు విమానం, కొత్త బోయింగ్ 767, గాల్లో ఉండగానే ఇంధనం అయిపోయింది. ప్రయాణానికి కావల్సింది 22,300 కిలోలు. ఇంధనం చూపించే మీటరు పనిచెయ్యట్లేదు కాబట్టి పుల్లతో కొలిచి చూస్తే ట్యాంకుల్లో 7,682 లీటర్లున్నాయని తేలింది. లీటర్లని కిలోలు చెయ్యడానికి 1.77తో గుణించారు. అది లీటరుకి ఎన్ని పౌన్లో చెప్పే అంకె! కిలోలకైతే 0.8 చిల్లర. నిజానికి 20 వేల లీటర్లు పొయ్యాల్సిన చోట 4,916 లీటర్లు పోసి బయల్దేరారు. దారిలోనే ఇంజన్లు ఆగిపోయాయి. పైలట్ పియర్సన్ దాన్ని గ్లైడర్‌లా నడిపి, గిమ్లీ అనే ఊళ్ళో మూసేసిన వైమానిక స్థావరంలో దించాడు. ఎవరూ చనిపోలేదు. అన్నట్టు కో-పైలట్ ఇంటిపేరు ఏమిటో తెలుసా? క్వింటాల్!

మేం రాసే ప్రోగ్రాముల్లోనూ ఇదే ప్రమాదం. 1.77 అని రాస్తే కంప్యూటర్ గుణించి పెడుతుంది. పౌన్లా కిలోలా అని అడగదు. 1999లో నాసా వాళ్ళ మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ ఇలాంటి యూనిట్ల గందరగోళంలోనే పోయింది.

ఇంతకీ విమానానికి లీటర్లెందుకు చాలవు? ఇంజన్‌లో మండి శక్తినిచ్చేది ద్రవ్యరాశి. వేడెక్కితే అదే ఇంధనం ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుకే పైపులో గంటకెన్ని లీటర్లు పారుతోందో తెలిస్తే సరిపోదు, దాన్ని ఆ ఉష్ణోగ్రత దగ్గరి సాంద్రతతో గుణిస్తేనే గంటకెన్ని కిలోలో తేలుతుంది. మన పెట్రోలు బంకుల్లో కూడా సాంద్రత చూసి 15 డిగ్రీలకి సరిచేసి రాసిపెట్టుకుంటారు. ఆ అంకె అడిగే హక్కు మీకుంది.

మరి అంతా కాటా మీదకొచ్చాక రైతుకి న్యాయం జరిగిపోయిందా? కొలతలో గాలి దాక్కుంటే తూకంలో నీళ్ళు దాక్కుంటాయి. అందుకే కాటన్ కార్పొరేషన్ పత్తి కొనేటప్పుడు తేమ చూస్తుంది. 8 శాతం వరకు పూర్తి మద్దతు ధర, 12 దాకా కోత, అది దాటితే కొనరు. మిరప యార్డులో టిక్కీ కాటా ఎక్కాక కూడా తేమ పేరుతో, తాలు పేరుతో తరుగు తీస్తే, అదీ ఒక గుణకమే. ఒకప్పుడు కుంచం మీద రాశి కట్టిన చెయ్యి ఇప్పుడు తరుగు రాస్తోంది.

కాబట్టి నేననేదల్లా ఒకటే. కాటా సరిగ్గా ఉందా అని అందరూ చూస్తారు. ఆ తర్వాత గుణించే అంకె ఎక్కణ్ణుంచి వచ్చింది, దేనికెంత, ఎవరు రాశారు అని కూడా అడగాలి. తేమ చూసే మీటరు రైతు ఎదురుగా పెట్టి, ఆ అంకె చీటీ మీద రాసివ్వడం అంత కష్టమైన పనా? మీరేమంటారు?