అడంగల్ నుంచి బిట్‌మ్యాప్ దాకా

సంచికకు ఏదైనా రాయమని సంఘం వాళ్ళు అడిగారు. మాస్టార్ల జ్ఞాపకాలు నాకంటే బాగా రాసేవాళ్ళు మన బ్యాచీల్లో చాలామంది ఉన్నారు. నేను ముప్ఫై ఏళ్ళుగా చేస్తున్నది డేటాబేసుల పని. కలువాయికి వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు "ఇంతకీ నువ్వు చేసే పనేంది?" అని అడుగుతారు. ఇంతవరకూ సరిగ్గా చెప్పలేకపోయాను. ఈసారి చెప్పి చూస్తాను. మొదలు మాత్రం కరణం గారి అరుగు మీద నుంచే.

1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణీకాలు రద్దు చేయకముందు మాట. మా నాయన దస్తూరి బాగుంటుందని జమాబందీకి ముందు కరణం గారు పిలిపించేవారు. అడంగల్‌లో ఒక్కో సర్వే నంబరుకు ఒక్కో వరస. పట్టాదారు పేరు, విస్తీర్ణం, నీటి ఆధారం, వేసిన పైరు, ఎన్ని ఎకరాల్లో వేసిందీ, అన్నీ ఆ వరసలోనే. ఒకరి చేను సంగతి కావాలంటే ఆ ఒక్క వరస చూస్తే సరిపోతుంది. తాలూకా కచేరీ నుంచి వచ్చే ప్రశ్న అలాంటిది కాదు. ఈ ఫసలీలో ఊరు మొత్తానికి వేరుశనగ ఎన్ని ఎకరాలు? అప్పుడు నాయన ఒక్కో కాగితాన్నీ నిలువుగా మడిచి, పేర్లూ నంబర్లూ వెనక్కి పోయేట్టు చేసి, పైరు గడి, ఎకరాల గడి మాత్రమే కంటికి కనిపించేలా పెట్టుకునేవాడు. ఇక ఆ రెండు గడులే పైనుంచి కిందికి చదువుకుంటూ, వేరుశనగ వచ్చినచోట పక్క అంకె కూడుకుంటూ పోయేవాడు. పక్కన కూర్చుని చూసిన నాకు అదొక ఆటలా ఉండేది.

కంప్యూటర్లు ఆ మడత నేర్చుకోవడానికి చాలా ఏళ్ళు పట్టింది.

1970లో ఐబీఎం శాన్ హోసే పరిశోధనశాలలో ఇ.ఎఫ్. కాడ్ రిలేషనల్ డేటాబేస్ భావన ప్రతిపాదించాడు. సమాచారమంతా వరసలూ గడులూ ఉన్న పట్టికలుగా ఉండాలన్నాడు. ఆ పట్టికను డిస్క్ మీద ఎలా పరచాలన్నది మాత్రం తయారుచేసేవాళ్ళకు వదిలేశాడు. తర్వాత వచ్చిన ప్రధాన డేటాబేసులన్నీ దాదాపుగా అడంగల్ పద్ధతే పట్టాయి, వరస వెంట వరస. అందులో తప్పేం లేదు. బ్యాంకులో ఒక ఖాతాలో డబ్బు వేయడం, రైల్లో ఒక బెర్తు ఇవ్వడం, ఇవన్నీ ఒక వరస తీసి, దిద్ది, తిరిగి పెట్టే పనులు.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, పైఅధికారులు ప్రశ్నలు అడగడం మొదలుపెట్టాక. ఏ జిల్లాలో ఏ రుణాలు మొండిబకాయిలయ్యాయి, ఏ సరుకు ఏ నెలలో ఎక్కువ పోయింది వంటివి. ఇలాంటి ప్రశ్నలకు జవాబిచ్చేవాటికి డెసిషన్ సపోర్ట్ సిస్టమ్స్ అని పేరు, నిర్ణయం తీసుకునేవాడికి సాయపడే వ్యవస్థలన్నమాట. 1979లో మొదలైన టెరాడేటా కంపెనీ దీనికి ఒక దారి చూపింది. వరసలను చాలా ప్రాసెసర్లకు పంచి, అందరితో ఒకేసారి చదివించడం. పదిమంది గుమాస్తాలను పెట్టడం లాంటిది. వేగం వచ్చింది కానీ కాగితం మడవలేదు.

ఆ తేడా నాకు తెలిసింది చీవాట్లు తిని. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక బ్యాంకు ప్రాజెక్టులో ఉన్నాను. పెద్దాయన ఒకరు మూడేళ్ళ రుణాల లెక్క శాఖలవారీగా కావాలన్నారు. నాలుగు లైన్ల ప్రశ్న రాసి, పొద్దున పదకొండు గంటలకు, నడుస్తున్న డేటాబేస్ మీదే వదిలాను. అది మొదటి వరస నుంచి చివరి వరస దాకా చదవడం మొదలుపెట్టింది. కౌంటర్ల దగ్గర తెరలు కదలడం మానేశాయి. జనం క్యూలో నిలబడి ఉన్నారు. నా ప్రశ్నను మధ్యలో చంపేశారు, నన్ను మాత్రం సాయంత్రం దాకా వదల్లేదు. నేను అడిగింది మూడు గడుల సంగతి, యంత్రం చదివింది ప్రతి ఖాతాదారుడి పేరూ, తండ్రి పేరూ, చిరునామా.

సరిగ్గా ఈ జబ్బు గురించే 1995లో ఒక వ్యాసం వచ్చింది. రాసినాయన క్లార్క్ డి. ఫ్రెంచ్, సైబేస్ కంపెనీ ఇంజనీరు. ప్రొఫెసర్ కాదు. ఆ ఏడు సిగ్మాడ్ మహాసభ జరిగింది కూడా శాన్ హోసేలోనే. ఆయన వ్యాసం పేరును మన మాటల్లో చెప్పాలంటే, అన్నిటికీ ఒకే కొలత డేటాబేస్ నిర్ణయ సహాయక వ్యవస్థలకు పనికిరాదు అని. వాదం సూటిగా ఉంటుంది. వరసలు దిద్దడానికి కట్టిన ఇంటిని ఎంత మరమ్మతు చేసినా ప్రశ్నలకు సరిపోదు, పునాదులే వేరుగా ఉండాలి. వరసలుగా కాక గడులుగా దాచాలి. 1985లోనే కోప్‌లాండ్, ఖోషఫియాన్ ఇద్దరూ పట్టికను గడులుగా విడగొట్టే పద్ధతి రాసి ఉన్నారు. కానీ కొనుక్కుని వాడే సరుకుగా దాన్ని నిలబెట్టినవాటిలో ముందు చెప్పాల్సింది సైబేస్ ఐక్యూ. అది మసాచుసెట్స్‌లోని ఎక్స్‌ప్రెస్‌వే అనే చిన్న కంపెనీలో పుట్టింది, తర్వాత సైబేస్ కొనుక్కుంది.

అది ఎలా పనిచేస్తుందో కాస్త వివరంగా చెబుతాను, నాకు ఇష్టమైన భాగం ఇదే. కోటి వరసల అడంగల్ ఉందనుకోండి, వరసకు 200 బైట్లు. మొత్తం 200 కోట్ల బైట్లు. సెకనుకు 50 లక్షల బైట్లు చదివే డిస్క్ అయితే అంతా చదవడానికి 400 సెకన్లు. ఇప్పుడు పైరు గడిని విడదీసి, వేరుశనగకు విడిగా ఒక పొడవాటి చీటీ తయారుచేద్దాం. వరస వరసకూ ఒక్క చుక్క, వేరుశనగ ఉంటే 1, లేకపోతే 0. కోటి చుక్కలు అంటే పన్నెండున్నర లక్షల బైట్లే. పావు సెకనులో చదివేయొచ్చు. ఇదే బిట్‌మ్యాప్. బావి కింద సాగుకు ఇంకో చీటీ ఉంటే, రెండూ పక్కపక్కన పెట్టి రెండింట్లోనూ 1 ఉన్నచోట్లు పట్టుకుంటే, బావి కింద వేరుశనగ ఎక్కడెక్కడుందో తేలిపోతుంది. ఒక్క రైతు పేరు కూడా తెరవకుండా.

మరి ఎకరాలు కూడటం ఎలా? ఇక్కడే అసలు చమత్కారం. కాటా రాళ్ళు గుర్తుచేసుకోండి. 4, 2, 1 రాళ్ళు మూడే ఉన్నాయనుకుందాం. ముగ్గురు రైతులకు 5, 3, 7 ఎకరాలు. 5 అంటే 4, 1 రాళ్ళు. 3 అంటే 2, 1. 7 అంటే మూడూ. ఒక్కో రాయికి ఒక్కో చీటీ పెట్టి, ఆ రాయి ఎందరికి పడిందో లెక్కపెడితే చాలు. 4 రాయి ఇద్దరికి, 2 రాయి ఇద్దరికి, 1 రాయి ముగ్గురికి. 8, 4, 3 కలిపితే 15. కోటిమంది రైతులున్నా చేసేది చుక్కలు లెక్కపెట్టడమే, అది యంత్రానికి అతి సులువైన పని. దీన్ని బిట్ స్లైస్ అంటారు. 1997లో ఓనీల్, క్వాస్ ఈ సూచికల గురించి రాసిన పేరున్న వ్యాసంలో, వీటిని ఆచరణలో చూపిన సరుకుగా సైబేస్ ఐక్యూనే చెప్పారు.

గడుల పద్ధతికి లోపం లేదని కాదు. కొత్త వరస ఒకటి చేర్చాలంటే ప్రతి గడినీ విడివిడిగా తాకాలి. కౌంటరు దగ్గర దీన్ని పెడితే అక్కడ ఇంకో రకం క్యూ తయారవుతుంది.

మధ్యలో ఒక చిన్నమాట. 2000లో అదే సైబేస్ నుంచి, నడుస్తున్న డేటాబేస్‌ను ఆపకుండా సూచికను తిరగకట్టడం ఎలాగో ఒక వ్యాసం సిగ్మాడ్‌లో వచ్చింది. రాసినవాళ్ళ పేర్లు నాగవంశి పొన్నెకంటి, హనుమ కొడవళ్ళ. ఆ పేర్లు చూసి ఆ పూట ఆఫీసులో కొంచెం నిటారుగా కూర్చున్నాను.

2005లో మైకేల్ స్టోన్‌బ్రేకర్, చెటింటెమెల్ కలిసి ఇంకో వ్యాసం రాశారు. అన్నిటికీ ఒకే కొలత అన్న ఆలోచనకు కాలం చెల్లిందన్నది దాని పేరు. అదే ఏడాది స్టోన్‌బ్రేకర్ బృందం సి-స్టోర్ అనే గడుల డేటాబేస్‌ను ప్రకటించింది, దాన్నుంచి వెర్టికా కంపెనీ వచ్చింది. ఈ రోజు విద్యార్థిని అడిగితే గడుల డేటాబేస్ అనగానే ఆ పేర్లే చెబుతాడు. స్టోన్‌బ్రేకర్ చిన్నవాడేం కాదు, 2014 ట్యూరింగ్ అవార్డు ఆయనది. సి-స్టోర్‌లో కొత్త సంగతులు నిజంగా ఉన్నాయి. ఆ వ్యాసం ఫ్రెంచ్‌ను ఉదహరించింది కూడా. కాబట్టి ఇది దొంగతనం కథ కాదు. అయినా పదేళ్ళ ముందే ఆ మాట వ్యాసం పేరులోనే పెట్టి, పనిచేసే సరుకుతో రుజువు చూపిన ఇంజనీరు పేరు చాలామందికి తెలియదంటే నాకు కష్టంగానే ఉంటుంది. అమ్మే కంపెనీలో పనిచేసేవాడికి పాఠ్యపుస్తకంలో చోటు దొరకడం అరుదు. 2010లో సైబేస్‌ను శాప్ కొన్నాక ఆ సరుకుకున్న పాత కంపెనీ పేరు కూడా పోయి శాప్ ఐక్యూ అయింది. పద్ధతి మాత్రం ఎక్కడికీ పోలేదు. అమెజాన్ రెడ్‌షిఫ్ట్, గూగుల్ బిగ్‌క్వెరీ, రెండూ గడులుగానే దాస్తాయి.

మొన్న పండక్కి ఊరొచ్చినప్పుడు ఫోనులో మీభూమి తెరిచి, మా చేను సర్వే నంబరు కొట్టి నాయనకు చూపించాను. అడంగల్ వరస వచ్చింది. అద్దాలు పెట్టుకుని అంతా చదివి, పేరులో తప్పులేదని చూసుకుని, "బాగుంది గానీ, ఈ ఏడు ఊళ్ళో శెనక్కాయలు ఎన్నెకరాలు ఏశారో చెప్పమను" అన్నాడు. ఫోను ఆయన చేతిలోనే ఉంది. నేను ఎక్కడ నొక్కాలో వెతుకుతున్నాను.