ఇంటి స్టూడియోకి ఏ సాఫ్టువేరు? చరిత్ర చెప్పే సమాధానం



మీరు హోసూరులో ఉన్నా, బళ్లారిలో ఉన్నా, బరంపురంలో ఉన్నా, సిరొంచలో ఉన్నా ఒక సంగతి మీకు బాగా తెలుసు. ఇంట్లో తెలుగు మాట్లాడతాం, బడిలో మరో భాష చదువుకుంటాం. మన పిల్లల్లో చాలామందికి తెలుగు మాట వచ్చు గాని రాత రాదు. అందుచేత మన పెద్దల పెళ్లిపాటలు, దంపుళ్ల పాటలు, లాలిపాటలు పుస్తకాలకెక్కలేదు. అవి గొంతుల్లోనే ఉన్నాయి. గొంతు పోతే పాటా పోతుంది.

ఈ బెంగతోనే కొందరు కుర్రవాళ్లు ఇంట్లో ఒక గది చూసుకుని, మైకూ కంప్యూటరూ పెట్టుకుని, పాటలు రికార్డు చేయడం మొదలుపెట్టారు. వాళ్లందరూ ముందుగా అడిగే ప్రశ్న ఒకటే: "ఏ సాఫ్టువేరు తీసుకోమంటారు?" సమాధానం చెప్పేముందు, పాటను పట్టి ఉంచడానికి మనిషి పడిన పాట్లను ఒకసారి గుర్తుచేసుకుందాం.

1877లో ఎడిసన్ తన మాటను తగరపు రేకు మీద గీతగా గీయించి తిరిగి వినిపించాడు. కొద్దిసార్లు వింటే ఆ రేకు అరిగిపోయేది. తరువాత మైనపు గొట్టాలు వచ్చాయి, ఆ తరువాత గుండ్రని పళ్లేలు వచ్చాయి. 1902లో గ్రామఫోను కంపెనీ తరపున ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తా వచ్చి గౌహర్ జాన్ పాటలు రికార్డు చేశాడు. అప్పటికి రికార్డింగులో విద్యుత్తు మైకు వాడకం లేదు. గాయని పెద్ద కొమ్ము ముందు నిలబడి గొంతెత్తి పాడాలి. పళ్లెం మీద పట్టేది సుమారు మూడు నిమిషాలు. గంటసేపు సాగే రాగాన్ని ఆ మూడు నిమిషాల్లోకి కుదించవలసి వచ్చింది. పాట ఎంత ఉండాలో యంత్రమే నిర్ణయించిందన్నమాట.

1935లో జర్మనీలో మాగ్నెటోఫోన్ అనే టేపు యంత్రాన్ని ప్రదర్శించారు. 1963లో ఫిలిప్స్ కంపెనీ చిన్న క్యాసెట్టు తెచ్చింది. దానితో రికార్డింగు మామూలు ఇళ్లలోకి వచ్చింది. మీ ఇంట్లోనూ అటక మీద ఏ పెళ్లి క్యాసెట్టో, హరికథ క్యాసెట్టో ఉండే ఉంటుంది. 1979లో టాస్కామ్ కంపెనీ అదే క్యాసెట్టు మీద నాలుగు ట్రాకులు విడివిడిగా పట్టే పోర్టాస్టూడియోను తెచ్చింది. గొంతు ఒక ట్రాకులో, హార్మోనియం ఒక ట్రాకులో, డోలక్ మరోదానిలో పట్టుకోవచ్చు. ఇంటి స్టూడియో అనే మాటకు నిజమైన అర్థం అక్కడ మొదలైంది.

ఇక అంకెల యుగం. కాంపాక్టు డిస్కు 1982లో వచ్చింది. అందులో శబ్దాన్ని క్షణానికి 44,100 సార్లు కొలిచి అంకెలుగా రాస్తారు. ఈ వింత సంఖ్య ఎక్కడిదని మీకు అనుమానం రావచ్చు. ఆ రోజుల్లో అన్ని అంకెలను దాచగల చవకైన సాధనం వీడియో టేపు. క్షణానికి 60 ఫీల్డులు, ఫీల్డుకు పనికివచ్చే గీతలు 245, గీతకు మూడు కొలతలు. హెచ్చవేస్తే 44,100. వీడియో టేపు మూలబడినా దాని లెక్క మాత్రం మన పాటల్లో నిలిచిపోయింది.

1983లో మిడి అనే ఒప్పందం కుదిరింది. ఏ మెట్టు ఎప్పుడు నొక్కారు, ఎంత గట్టిగా నొక్కారు అన్న సంగతిని ఒక వాద్యం మరో వాద్యానికి చెప్పే పద్ధతి అది. మన స్వరలిపి వంటిదే, శబ్దం మాత్రం అందులో ఉండదు. 1985 నాటి అటారీ కంప్యూటరుకు ఈ మిడి సదుపాయం పుట్టుకతోనే ఉంది. 1989లో దాని మీదనే క్యూబేస్ వచ్చింది. 1991లో వచ్చిన ప్రో టూల్స్ శబ్దాన్నే నేరుగా పట్టింది గాని, దానికి ప్రత్యేకమైన కార్డులు కావలసి వచ్చేవి. 1996లో క్యూబేస్ కొత్త రూపంలో ప్రతిధ్వని వంటి హంగులను మామూలు కంప్యూటరే చేయగలిగింది. స్టూడియోలో గోడ పొడవునా ఉండే సరంజామా బల్ల మీదికి వచ్చింది.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా ఉంది. లాజిక్ అనే సాఫ్టువేరును 2002లో ఆపిల్ కంపెనీ కొన్నది, విండోస్ కంప్యూటర్లకు దాన్ని ఆపేసింది. 1987 నుంచి నడిచిన కేక్‌వాక్‌ను దాని యజమాన్యం 2017లో నిలిపివేసింది. మరుసటి ఏడు బ్యాండ్‌ల్యాబ్ దాన్ని తీసుకుని నిలబెట్టింది కాబట్టి సరిపోయింది. పళ్లేలూ టేపులూ వెనకబడినట్టే సాఫ్టువేర్లూ వెనకబడతాయి. వాటికీ ఆయుర్దాయం ఉంది.

నా అనుభవం ఒకటి చెబుతాను. మా మేనత్త పాడిన సువ్వి పాటలను ఒక సాయంత్రమంతా కూర్చుని రికార్డు చేశాను. "ప్రాజెక్టు" అని పేరున్న ఫైలును పెన్‌డ్రైవులో దాచి నిశ్చింతగా ఉన్నాను. కంప్యూటరు పాడైంది. పెన్‌డ్రైవు తెరిస్తే, ఏ ముక్క తరువాత ఏ ముక్క రావాలో చెప్పే పట్టిక తప్ప మరేమీ లేదు. శబ్దం వేరే ఫోల్డరులో ఉండిపోయింది. వంట రాసుకున్న కాగితం దాచి బియ్యం పారబోసుకున్నట్టయింది. తప్పు నాదే. మేనత్త అప్పటికే లేదు.

కాబట్టి సాఫ్టువేరును ఎంచుకునేటప్పుడు మొదటి పరీక్ష ఇది: పాటను వేవ్ ఫైలుగా సులువుగా బయటికి ఇస్తుందా? 1991లో వచ్చిన వేవ్ రూపాన్ని ఈనాటికీ దాదాపు అన్ని సాఫ్టువేర్లూ చదువుతాయి. ఎంపీ3 పంచుకోవడానికి మంచిదే గాని, అసలు ప్రతిగా దాచడానికి పనికిరాదు. అది చెవికి అంతగా తెలియని భాగాలను తీసివేస్తుంది. తీసివేసినది మళ్లీ రాదు.

రెండో పరీక్ష, మీ పని ఏమిటన్నది. ఒక్క గొంతు పట్టడానికీ, పాత క్యాసెట్లను కంప్యూటరులోకి ఎక్కించడానికీ 2000లో విడుదలైన ఆడాసిటీ చాలు. అది ఉచితం. దాని మూలమూ అందరికీ తెరిచి ఉంటుంది కనుక, ఒక యజమాని మానేసినా మరొకరు నడపవచ్చు. ఆపిల్ కంప్యూటరు ఉన్నవారికి గ్యారేజ్‌బ్యాండ్ ఉంది. భజన బృందాన్ని నాలుగైదు మైకులతో పట్టాలంటే రీపర్ వంటిది చూసుకోండి. లినక్స్ వాడేవారికి ఆర్డర్ ఉంది.

మూడోది ఆలస్యం. పాడిన గొంతు కంప్యూటరులోకి వెళ్లి చెవిఫోనులోకి రావడానికి కొంత సమయం పడుతుంది. క్షణంలో నూరో వంతు ఆలస్యమంటే, పాడేవారు మూడున్నర మీటర్ల దూరంలో ఉన్నట్టు. అంతకు బాగా మించితే తాళం తప్పుతుంది. విండోస్‌లో దీన్ని తగ్గించడానికి 1997లో వచ్చిన ఏసియో పద్ధతి ఉంది. మీ సాఫ్టువేరు, మీ పరికరం దానిని అంగీకరిస్తాయో లేదో కొనేముందే అడగండి.

మరొక్క జాగ్రత్త. చాలా సాఫ్టువేర్లు తెరవగానే నాలుగు దెబ్బల లెక్క సిద్ధంగా ఉంటుంది. అమ్మమ్మ పాటకు ఆ టిక్కుటిక్కు పెట్టకండి. రోకటి పోటు లెక్క ఆమెకు తెలుసు. గౌహర్ జాన్ రాగాన్ని కుదించిన యంత్రం వంటి పని మనం చేయవద్దు.

క్షణానికి 48,000 కొలతలు, 24 బిట్లు పెట్టుకోండి. ఒక్క గొంతుకు గంటకు సుమారు 520 మెగాబైట్లు అవుతుంది. మూడు ప్రతులు తీయండి. ఒకటి మరో ఊరిలో బంధువుల ఇంట్లో ఉంచండి.

గౌహర్ జాన్ పాట ముగించి తన పేరు తానే చెప్పేది. రికార్డులు జర్మనీలో అచ్చయ్యేవి కనుక, అక్కడివారికి పాడినదెవరో తెలియాలి గదా. మీరూ రికార్డింగు మొదట్లో పాడేవారి పేరు, ఊరు, తేదీ, ఆ పాట ఎవరి దగ్గర నేర్చారో వారి నోటనే చెప్పించండి. మరో యాభై ఏళ్లకు ఆ ఫైలు తెరిచే మన పిల్లలకు తెలుగు చదవడం రాకపోవచ్చు. వినడం వస్తుంది.

సాఫ్టువేరు ఈ వారంలో కుదరకపోతే ఉన్న ఫోనులోనే పట్టండి. పాడేవారు ఆగరు.