సయ్యద్ అబిద్ అలీ: లెక్కల్లోకి ఎక్కని వేగం

సయ్యద్ అబిద్ అలీ (1941–2025) హైదరాబాద్‌కు చెందిన భారత క్రికెటర్. కుడిచేతి వాటం బ్యాటర్, మీడియం పేస్ బౌలర్. 1967 నుంచి 1974 వరకు 29 టెస్టులు, 1974, 1975 సంవత్సరాల్లో 5 వన్డేలు ఆడారు. టెస్టుల్లో 1,018 పరుగులు, 47 వికెట్లు, 32 క్యాచ్‌లు ఆయన పేరిట ఉన్నాయి. బ్యాటింగ్ సగటు 20.36, బౌలింగ్ సగటు 42.12. ఈ అంకెలు మాత్రమే చూసినవారికి ఆయన సాధారణ ఆటగాడిగానే తోస్తారు. మన్సూర్ అలీఖాన్ పటౌడీ, అజిత్ వాడేకర్ వంటి నాయకులు ఆయనను జట్టులో ఎందుకు కోరుకున్నారో వాటిని బట్టి తెలియదు. అందుకు కారణం ఆయన కాళ్లలో ఉంది. మైదానంలో చురుకుదనానికి భారత జట్టు అంతగా పేరు పొందని ఆ రోజుల్లో, వికెట్ల మధ్య పరుగులోనూ ఫీల్డింగ్‌లోనూ అబిద్ అలీకి సాటి వచ్చినవారు బహు కొద్దిమంది.

క్రికెట్ స్కోరు పుస్తకానికి ఒక లోపం ఉంది. ఫీల్డర్ పరుగెత్తి ఆపిన బౌండరీకి అందులో గడి లేదు. బ్యాటర్ తెగించి తీసిన సింగిల్‌కూ, తీరిగ్గా తీసిన సింగిల్‌కూ అక్కడ తేడా కనిపించదు. బేస్‌బాల్‌లో పరిస్థితి వేరు. పిచ్చర్ బంతి విసిరే క్షణాన్ని కనిపెట్టి, తోటి బ్యాటర్ కొట్టకముందే తరువాతి మజిలీకి పరుగెత్తి చేరుకోవడాన్ని ఆ ఆటలో ‘బేస్ దొంగిలించడం’ అంటారు. ప్రతి దొంగతనమూ ఆటగాడి ఖాతాలో పడుతుంది. ఆ లెక్క ఉన్నందుననే ఓక్లండ్ ఔట్‌ఫీల్డర్ రికీ హెండర్సన్ 1979 నుంచి 2003 వరకు 1,406 బేస్‌లు దొంగిలించారనీ, అందులో 130 ఒక్క 1982లోనే అనీ నేడు ఎవరైనా చెప్పగలరు. అబిద్ అలీ దొంగిలించిన సింగిల్స్ ఎన్నో చెప్పగలవారు లేరు.

అబిద్ అలీ 1941 సెప్టెంబరు 9న హైదరాబాద్‌లో జన్మించారు. సెయింట్ జార్జెస్ గ్రామర్ స్కూల్, ఆల్ సెయింట్స్ హైస్కూల్‌లలో చదివారు. 1956లో హైదరాబాద్ పాఠశాలల జట్టుకు ఆయనను ఎంపిక చేసినప్పుడు సెలక్టర్లను ఆకర్షించింది ఆయన ఫీల్డింగే. కేరళపై 82 పరుగులు చేసి, ఉత్తమ ఫీల్డర్ బహుమతి కూడా అందుకున్నారు. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ సొంత జట్టును ఏర్పాటు చేసినప్పుడు అందులో ఉద్యోగం లభించింది. ఆట మీద వచ్చే ఆదాయంతో ఇల్లు గడవని ఆ కాలంలో క్రికెటర్లకు బ్యాంకు ఉద్యోగమే ఆధారం. మొదట వికెట్ కీపర్‌గా ఉన్న ఆయన తరువాత బంతి చేతబట్టారు. హైదరాబాద్ క్రికెట్ వర్గాల్లో ఆయనను ‘చిచా’ అని ఆత్మీయంగా పిలిచేవారు.

రంజీ ట్రోఫీలో హైదరాబాద్ తరఫున చాలా ఏళ్లు ఆడినా జాతీయ జట్టు పిలుపు 1967 చివరలో గానీ రాలేదు. అప్పటికి ఆయన వయసు 26. ఆ ఏడాది డిసెంబరులో అడిలైడ్‌లో ఆస్ట్రేలియాపై ఆడిన తొలి టెస్టు తొలి ఇన్నింగ్స్‌లో 55 పరుగులిచ్చి 6 వికెట్లు తీశారు. టెస్టుల్లో మళ్లీ ఎన్నడూ ఆయన ఐదు వికెట్ల మార్కును అందుకోలేదు. అదే పర్యటనలో సిడ్నీ టెస్టు రెండు ఇన్నింగ్స్‌లలో 78, 81 పరుగులు చేశారు. ఆ 81 ఆయన అత్యధిక టెస్టు స్కోరుగా మిగిలింది. భారత్ నాలుగు టెస్టులూ ఓడిపోయింది. అక్కడి నుంచి న్యూజిలాండ్ వెళ్లి 3–1తో గెలిచి, విదేశీ గడ్డపై తొలి టెస్టు సిరీస్ విజయం సాధించింది. ఆ సిరీస్‌లోని క్రైస్ట్‌చర్చ్ టెస్టులో, ప్రత్యర్థి బౌలర్ గ్యారీ బార్ట్‌లెట్ బౌలింగ్ తీరుకు నిరసనగా అబిద్ అలీ కావాలనే ఒక బంతిని విసిరారు. అంపైర్ దానిని నోబాల్‌గా ప్రకటించారు. నిరసన సంగతి ఎలా ఉన్నా, చరిత్రలో బంతిని విసిరినందుకు నోబాల్ పడిన బౌలర్ల పట్టికలో ఆయన పేరు చేరిపోయింది.

జట్టులో ఆయన బౌలింగ్ పాత్ర విచిత్రమైనది. బేడీ, ప్రసన్న, చంద్రశేఖర్, వెంకటరాఘవన్‌లపై ఆధారపడిన జట్టులో కొత్త బంతి మెరుపు పోయేవరకు కొన్ని ఓవర్లు వేసి, దానిని స్పిన్నర్ల చేతిలో పెట్టడమే మీడియం పేసర్ విధి. ఆ తరువాత ఆయన అసలు పని మొదలయ్యేది. ఏక్‌నాథ్ సోల్కర్, వాడేకర్, వెంకటరాఘవన్‌లతో పాటు బ్యాటర్‌కు అతి సమీపాన నిలిచి క్యాచ్‌ల కోసం కాచుకునేవారు. హెల్మెట్లు లేని కాలం అది. ఆ దగ్గరి ఫీల్డర్లు లేకుంటే మన స్పిన్నర్ల వికెట్ల సంఖ్య ఇంత ఉండేది కాదనడం అతిశయోక్తి కాదు.

1971 ఆయన జీవితంలో మరపురాని సంవత్సరం. వెస్టిండీస్ పర్యటనకు ఎంపికైన జట్టులో హైదరాబాద్ ఆటగాళ్లే ఐదుగురు: జయసింహ, అబిద్ అలీ, జయంతిలాల్, కృష్ణమూర్తి, గోవిందరాజ్. పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో జరిగిన రెండో టెస్టు తొలి బంతికే అబిద్ అలీ రాయ్ ఫ్రెడెరిక్స్‌ను బౌల్డ్ చేశారు. నాలుగో ఇన్నింగ్స్‌లో 124 పరుగుల లక్ష్యాన్ని అందుకునే వేళ, తొలి టెస్టు ఆడుతున్న సునీల్ గవాస్కర్‌కు తోడుగా 21 పరుగులతో అజేయంగా నిలిచారు. వెస్టిండీస్‌పై భారత్‌కు అదే తొలి టెస్టు విజయం. అదే మైదానంలో జరిగిన చివరి టెస్టులో వెస్టిండీస్ 262 పరుగుల లక్ష్యం వైపు సాగుతుండగా రోహన్ కన్హాయ్‌ను, గ్యారీ సోబర్స్‌ను వరుస బంతుల్లో బౌల్డ్ చేశారు. మ్యాచ్ డ్రా అయింది, సిరీస్ 1–0తో భారత్‌కు దక్కింది. ఆ సిరీస్ అనగానే అందరికీ గవాస్కర్ చేసిన 774 పరుగులే గుర్తుకు వస్తాయి, అది న్యాయమే. అయితే ఆ రెండు బంతులనూ మరువరాదు.

అదే వేసవిలో ఇంగ్లండ్‌లో, మాంచెస్టర్ టెస్టు తొలి ఉదయం ఆయన నాలుగు వికెట్లు పడగొట్టడంతో ఆతిథ్య జట్టు 41 పరుగులకు 4 వికెట్లు కోల్పోయింది. ఓవల్‌లో చంద్రశేఖర్ 38 పరుగులకు 6 వికెట్లు తీసి ఇంగ్లండ్‌ను 101 పరుగులకు కుప్పకూల్చగా, భారత్ లక్ష్యం 173గా తేలింది. 170 వద్ద గుండప్ప విశ్వనాథ్ ఔటయ్యారు. ఇక కావలసినవి మూడు పరుగులు. ఆగస్టు 24న క్రీజులోకి వచ్చిన అబిద్ అలీ బ్రయన్ లక్‌హర్స్ట్ బంతిని కట్ చేసి బౌండరీకి పంపారు. ఇంగ్లండ్ గడ్డపై భారత్ తొలి టెస్టు విజయం, తొలి సిరీస్ విజయం ఆ బౌండరీతోనే ఖాయమయ్యాయి. జీవితమంతా పరుగెత్తి సంపాదించిన మనిషికి, పరుగెత్తనవసరం లేని ఆ నాలుగు పరుగులే శాశ్వత కీర్తి తెచ్చాయి.

1974 డిసెంబరులో వెస్టిండీస్‌పై ఆడినది ఆయన చివరి టెస్టు. మరుసటి ఏడాది తొలి ప్రపంచకప్‌లో న్యూజిలాండ్‌పై మాంచెస్టర్‌లో 70 పరుగులు చేసి జట్టులో అత్యధిక స్కోరర్‌గా నిలిచారు, రెండు వికెట్లు కూడా తీశారు. భారత్ ఓడింది. దానితో ఆయన అంతర్జాతీయ ప్రస్థానం ముగిసింది. వయసు 33. ఫస్ట్‌క్లాస్ క్రికెట్‌లో మొత్తం 212 మ్యాచ్‌లలో 8,732 పరుగులు, 397 వికెట్లు సాధించారు. 1968–69లో కేరళపై చేసిన 173 నాటౌట్ అత్యధిక స్కోరు. జయసింహ, పటౌడీ, అబ్బాస్ అలీ బేగ్ వంటి హేమాహేమీలతో కలిసి ఆడినా, ఆయన ఆడిన కాలంలో హైదరాబాద్ రంజీ ట్రోఫీ గెలవలేదు. ఆ కప్పు మళ్లీ 1986–87లో గానీ దక్కలేదు.

1980లో ఆయన అమెరికాలోని కాలిఫోర్నియాకు తరలివెళ్లారు. తరువాత మాల్దీవుల జట్టుకు శిక్షణ ఇచ్చారు. 2001–02 రంజీ సీజన్‌లో దక్షిణ మండల లీగ్‌లో అగ్రస్థానంలో నిలిచిన ఆంధ్ర జట్టుకు కోచ్ ఆయనే. తెలుగు నేల క్రికెట్‌కు ఆయన చేసిన ఈ రెండో సేవ గురించి తక్కువమందికి తెలుసు. ఆపై 2005 వరకు యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ జట్టును తీర్చిదిద్దారు. ఆ జట్టు 2004 ఆసియా కప్‌లో ఆడింది. ఉత్తర కాలిఫోర్నియాలో స్థిరపడిన తరువాత అక్కడి యువకులకు క్రికెట్ నేర్పారు.

రికీ హెండర్సన్ 2024 డిసెంబరు 20న కన్నుమూశారు. మూడు నెలలు నిండకముందే, 2025 మార్చి 12న, ఓక్లండ్‌కు తూర్పున ఉన్న ట్రేసీ పట్టణంలో అబిద్ అలీ 83 ఏళ్ల వయసులో తుదిశ్వాస విడిచారు.